దీపావళి, హెలెన్ కెల్లర్, ఒక్క విశేషణం: టెక్సాస్ బడుల్లో సోషల్ పాఠం ఎవరు రాస్తారు?

2009లో టెక్సాస్‌లో ఒక వార్త గుప్పుమంది. ఆరో తరగతి సోషల్ పాఠాల్లోంచి క్రిస్మస్ తీసేసి దీపావళి పెడుతున్నారని. దీపావళి పేరు పలకడం రానివాళ్ళు కూడా ఆ రోజుల్లో దాని మీద ఓ అభిప్రాయం చెప్పేశారు. నిజానికి జరిగింది చిన్న విషయం. పాఠ్యాంశాలను సమీక్షించే బృందం ఒకటి మతానికి ఒక పండగ చాలనుకుంది. క్రైస్తవానికి ఈస్టర్, యూదు మతానికి యోమ్ కిపూర్ ఉంచి, క్రిస్మస్‌నూ రోష్ హషానానూ కొట్టేసి, హిందువుల తరఫున దీపావళిని చేర్చింది. లెక్క బాగానే ఉంది, లోకజ్ఞానమే కాస్త తక్కువైంది. డిసెంబరు వస్తే వీధి వీధంతా దీపాల తోరణాలు కట్టే రాష్ట్రంలో క్రిస్మస్ పేరు కొట్టేస్తే ఊరుకుంటారా?

ఊరుకోలేదు. క్రిస్మస్ వెనక్కి వచ్చింది, రోష్ హషానా కూడా వచ్చింది. దీపావళిని మాత్రం ఎవరూ తీయలేదు. 2010లో ఖరారైన వాక్యంలో క్రిస్మస్, ఈస్టర్, రంజాన్, హజ్, యోమ్ కిపూర్, రోష్ హషానా, దీపావళి, వైశాఖి అన్నీ వరసగా కూర్చున్నాయి.

అంత రభసలోనూ పెద్దగా ఎవరికీ పట్టని సంగతి ఒకటుంది. ఆ వాక్యంలో పేరు ఉన్నంత మాత్రాన ఏ టీచరూ ఆ పండగ గురించి చెప్పి తీరాలని లేదు. పేరు లేనంత మాత్రాన చెప్పకూడదనీ లేదు. అదెలాగో తెలియాలంటే అమెరికాలో సోషల్ పాఠం పుట్టుక దగ్గర్నుంచి రావాలి.

మనకు సోషల్ అంటే ఒక పుస్తకం. ఎస్‌సీఈఆర్‌టీ రాయిస్తుంది, ప్రభుత్వం అచ్చు వేస్తుంది, జూన్‌లో బడికి వస్తుంది, పరీక్ష అందులోంచే వస్తుంది. 2014 తర్వాత తెలంగాణ పుస్తకాల్లోకి రాష్ట్ర ఉద్యమం పాఠంగా వచ్చింది. రాష్ట్రం మారింది, పుస్తకం మారింది. ఏ వాక్యం ఉండాలి, ఏది పోవాలి అని జనం ముందు కూర్చుని ఒక్కొక్కదాని మీద చేతులెత్తి ఓటు వేసుకోవడం మనం చూడలేదు. టెక్సాస్‌లో సరిగ్గా అదే జరుగుతుంది. అందుకే అక్కడి గొడవలు మనకు వింతగా కనిపిస్తాయి.

ముందుగా వాషింగ్టన్‌ను పక్కన పెట్టేద్దాం. అమెరికా రాజ్యాంగంలో విద్య అన్న మాటే లేదు. అందువల్ల అది రాష్ట్రాల పని. పైగా ఫలానా పాఠం చెప్పండని కేంద్రం రాష్ట్రాలను ఆదేశించకూడదని కేంద్ర చట్టాల్లోనే రాసి ఉంది. 1994లో కేంద్ర నిధులతో జాతీయ చరిత్ర ప్రమాణాలు తయారు చేయించారు. అవి ఎవరూ పాటించి తీరాల్సినవి కూడా కావు. అయినా 1995 జనవరిలో సెనెట్ 99-1 ఓట్లతో వాటిని తప్పుబట్టింది. ఒక విషయం మీద 99 మంది సెనెటర్లు ఒక్క మాట మీద ఉండటం అరుదు. అందుకే అధ్యక్షుడు ఎవరైనా, ఏడో తరగతి పిల్ల చదివే చరిత్ర ఆ రాష్ట్ర రాజధానిలోనే తేలుతుంది.

టెక్సాస్‌లో ఆ రాజధాని ఆస్టిన్. అక్కడ రెండు వేర్వేరు ఇళ్ళు ఉన్నాయనుకోండి. మొదటిది శాసనసభ. రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు కూర్చుంటుంది. ఇది చేసిన విద్యా చట్టంలో సోషల్ స్టడీస్ అంటే ఏమిటో రాసి ఉంది: టెక్సాస్, అమెరికా, ప్రపంచ చరిత్రలు, పౌర పాలన, భూగోళం, ఆర్థికశాస్త్రం. ఆర్థికశాస్త్రం దగ్గరకొచ్చేసరికి చట్టం ఇంకో అడుగు వేసి, 'స్వేచ్ఛా వాణిజ్య వ్యవస్థ, దాని ప్రయోజనాలకు' ప్రాధాన్యం ఇచ్చి చెప్పాలంటుంది. హైస్కూల్లో ఆ సబ్జెక్టు పేరులోనే ఈ మాటలున్నాయి. ప్రశ్న అడగకముందే సమాధానం సబ్జెక్టు పేరులో పెట్టేశారన్నమాట.

రెండో ఇల్లు రాష్ట్ర విద్యా బోర్డు. 15 మంది సభ్యులు, నాలుగేళ్ళ పదవి, జీతం లేదు. జనం ఓట్లేసి పార్టీ గుర్తింపుతోనే ఎన్నుకుంటారు. అధ్యక్షుడిని మాత్రం ఆ సభ్యుల్లోంచి గవర్నర్ నియమిస్తారు. 2020 జనాభా లెక్కల ప్రకారం టెక్సాస్ జనాభా సుమారు 2 కోట్ల 91 లక్షలు. 15తో భాగిస్తే ఒక్కో సభ్యుడి కింద 19 లక్షల పైచిలుకు. అదే రాష్ట్రం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు వెళ్ళే ఒక్కో ప్రతినిధి కింద ఉండేది 7.67 లక్షలే. కాంగ్రెస్ సభ్యుడి పేరు అడిగితే పదిమందిలో నలుగురైనా చెబుతారేమో. బోర్డు సభ్యుడి పేరు చెప్పేవాళ్ళు నాకింతవరకు టెక్సాస్‌లోని మా వీధిలో దొరకలేదు. నేనూ వెతికి చూసుకుని తెలుసుకున్నవాడినే.

శాసనసభ గీత గీస్తుంది, ఆ గీత లోపల అక్షరాలు బోర్డు రాస్తుంది. ఆ అక్షరాలనే 'టీక్స్' అంటారు. టీచర్ల నోట రోజుకు పదిసార్లు వినిపించే మాట ఇది. ఏ తరగతిలో పిల్లలకు ఏం తెలియాలి, ఏం చేయగలగాలి అని నంబర్లు వేసిన వాక్యాలు. ఇవి సలహాలు కావు. రాష్ట్ర పాలనా నియమావళిలో 113వ అధ్యాయంగా ఉన్న నిబంధనలు. 55 లక్షల మంది దాకా చదివే ప్రభుత్వ బడులన్నిటికీ వర్తిస్తాయి. వీటిని బట్టే ప్రచురణకర్తలు పుస్తకాలు రాస్తారు, రాష్ట్రం పరీక్షలు పెడుతుంది, బడులను నడిపే స్కూల్ జిల్లాలు వారం వారం పాఠ ప్రణాళికలు వేసుకుంటాయి.

అసలు పోట్లాట పుస్తకాల మీద కాకుండా ఈ వాక్యాల మీదకు ఎందుకు వచ్చింది? ఒకప్పుడు బోర్డు సభ్యులు పుస్తకాలనే పంక్తి పంక్తీ పట్టుకుని ఇది తీయండి, అది చేర్చండి అనేవారు. 1995లో శాసనసభ విద్యా చట్టాన్ని తిరగరాసి ఆ అధికారానికి కత్తెర వేసింది. ఒక పుస్తకంలో టీక్స్ అంశాలు లేకపోతేనో, వాస్తవాలు తప్పుగా ఉంటేనో, కాగితం బైండింగు సరిగ్గా లేకపోతేనో తప్ప తిరస్కరించకూడదంది. దాంతో కాలువ మీద చెయ్యి వేయలేనివాళ్ళు తూము దగ్గరికి వెళ్ళారు. పుస్తకం మార్చలేకపోతే, పుస్తకం దేన్ని చూసి రాస్తారో దాన్నే మార్చవచ్చు కదా. 2023లో వచ్చిన ఇంకో చట్టం బోధన సామగ్రి మీద బోర్డుకు కొంత పట్టు తిరిగి ఇచ్చింది కానీ, ఈలోగా టీక్స్ వాక్యాలే అసలు రణరంగం అయిపోయాయి.

ఇప్పుడు మొదట్లో వదిలేసిన ముడి విప్పుదాం. టీక్స్ ఉపోద్ఘాతంలోనే ఒక నియమం ఉంది. వాక్యంలో 'ఇంక్లూడింగ్' అని ఉంటే దాని తర్వాత వచ్చేవన్నీ తప్పకుండా నేర్పాలి. 'సచ్ యాజ్' అని ఉంటే దాని తర్వాతవి ఉదాహరణలు మాత్రమే. టీచరు వాటిని వాడుకోవచ్చు, వేరేవి తెచ్చుకోవచ్చు. క్రిస్మస్, దీపావళి ఉన్న వాక్యం 'సచ్ యాజ్' వాక్యం. అంటే తప్పనిసరి కాని జాబితాలో చోటు కోసం రాష్ట్రమంతా కొట్టుకుంది. నవ్వొస్తుంది కానీ, నాకు అందులో కొంత న్యాయమూ కనిపిస్తుంది. పుస్తకం రాసేవాడు ఉదాహరణ కోసం ముందు చూసేది ఆ జాబితానే. తప్పనిసరి కాకపోయినా పేరు ఉండటానికి విలువ ఉంది.

2018లో ఈ తూకం ఎంత దూరం వెళ్ళిందో చూడండి. టీక్స్ మరీ పొడుగైపోయాయి, ఏడాదిలో అయ్యే పని కాదు అని టీచర్లు మొత్తుకుంటే, బోర్డు వాటిని కుదించమని బృందాలు వేసింది. ఆ బృందాలు చారిత్రక వ్యక్తులకు మార్కులు వేశాయి. ఇరవైకి. హెలెన్ కెల్లర్‌కు 7 వచ్చాయి. హిల్లరీ క్లింటన్‌కు 5. నాలుగో తరగతి పిల్లలు తెలుసుకోవాల్సిన తమ ప్రాంత శాసనసభ్యులకు ఇరవైకి ఇరవై! కెల్లర్ పేరు తీస్తే టీచరుకు 40 నిమిషాలు, క్లింటన్ పేరు తీస్తే 30 నిమిషాలు కలిసొస్తాయని కూడా లెక్క కట్టారు. సెప్టెంబరులో బోర్డు ఇద్దరి పేర్లూ తీసేయడానికి తొలి ఓటు వేసింది. చూపు, వినికిడి రెండూ లేకుండా చదువుకుని ప్రపంచం తిరిగిన మనిషిని 40 నిమిషాల కోసం తీసేస్తారా అని ఊరూవాడా ప్రశ్నించాయి. నవంబరులో ఇద్దరినీ తిరిగి పెట్టారు. మార్కులు వేసిన టీచర్లను చాలామంది తిట్టిపోశారు కానీ, వాళ్ళకు చెప్పిన పని కోత. కత్తి చేతికిచ్చి కోయమని, కోసిన ముక్క చూసి కళ్ళు తిరుగుతున్నాయంటే ఎలా?

అదే ఏడాది ఒక్క విశేషణం మీద ఇంకా పెద్ద పేచీ వచ్చింది. ఏడో తరగతిలో ఏడాదంతా టెక్సాస్ చరిత్ర. అందులో 1836 నాటి అలామో ముట్టడి. మెక్సికో మీద తిరగబడిన టెక్సాస్ వాళ్ళు ఆ కోటలో మెక్సికో సైన్యం చేతిలో చనిపోయారు. 'అక్కడ ప్రాణాలర్పించిన వీరోచిత రక్షకులందరూ' అన్న ముక్క ఒకటి ప్రమాణంలో ఉంది. 'వీరోచిత' అన్నది వాస్తవం కాదు, అభిప్రాయం, తీసేద్దాం అని సమీక్ష బృందం సూచించింది. గవర్నర్ గ్రెగ్ ఆబట్ ట్విటర్‌లోకి దిగారు. రాజకీయ మర్యాదల కోసం మన వీరులను తగ్గిస్తారా అన్న ధోరణిలో రాష్ట్రం ఊగిపోయింది. ఆ మాట చివరికి 'వీరత్వం' రూపంలో నిలిచింది.

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఆ పాఠం హోంవర్కు డైనింగ్ టేబుల్ మీద చేసుకుంటూ అడిగింది, "నాన్నా, మరి మెక్సికో వాళ్ళకి వీళ్ళు ఎవరు?" నేను అన్నం కలుపుతూ ఆగిపోయాను. మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది, ఒక్క టెక్సాస్‌కు మినహాయింపు ఇచ్చి. అక్కడ స్థిరపడిన తెల్లవాళ్ళలో చాలామంది పత్తి పొలాలు బానిసల మీదే నడిచేవి. ఇదంతా చెప్పాలా, రేపటి క్విజ్ అయ్యాక చెప్పాలా? చెప్పాను. అది విని, "అయితే రెండూ రాయనా, ఒకటే రాయనా?" అంది. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. సెప్టెంబరు 17 మన దగ్గర ఏమిటి? విమోచనమా, విలీనమా, విద్రోహమా, సమైక్యతా దినమా? 1948లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. పేరు మీదే పేచీ. ఏ ప్రభుత్వం ఉంటే ఆ పేరు. టెక్సాస్ వాళ్ళ విశేషణం చూసి మనం మరీ నవ్వక్కర్లేదు.

అంతకన్నా బరువైనది అమెరికా అంతర్యుద్ధం కారణాల వాక్యం. 2010లో బోర్డు రాసిన వరస ఇది: ప్రాంతీయ భేదాలు, రాష్ట్రాల హక్కులు, బానిసత్వం. బానిసత్వం మూడోది. వరస మారితే ఏమవుతుంది అనిపించవచ్చు. నలభై ఐదు నిమిషాల క్లాసులో మూడో కారణానికి వచ్చేసరికి గంట కొడుతుంది. ఎనిమిదేళ్ళ తర్వాత, 2018 నవంబరులో, ఆ వాక్యాన్ని తిరగరాశారు. బానిసత్వ విస్తరణది కేంద్ర పాత్ర, ప్రాంతీయ భేదాలకూ, రాష్ట్రాల హక్కుల మీద తగాదాకూ, యుద్ధానికీ అదే మూలం అని. మూడు కారణాలు ఉన్న వాక్యం ఒక కారణం, దాని మూడు ఫలితాలు ఉన్న వాక్యంగా మారింది. కొత్త పేరు ఒక్కటీ చేర్చలేదు. నా దృష్టిలో ఈ పదిహేనేళ్ళలో టెక్సాస్ సోషల్ స్టాండర్డ్స్‌లో జరిగిన పెద్ద మార్పు ఇదే, దీనికి కెల్లర్‌కు వచ్చినంత ప్రచారం రాలేదు.

ఈ రెండు తేదీల మధ్య, 2015లో, హ్యూస్టన్ దగ్గర పియర్‌ల్యాండ్‌లో ఒక అబ్బాయి తన భూగోళం పుస్తకంలో పేజీ ఫొటో తీసి అమ్మకు పంపాడు. వలసల మీద మ్యాప్ అది. పక్కన వ్యాఖ్య: అట్లాంటిక్ బానిస వ్యాపారం ఆఫ్రికా నుంచి లక్షల మంది 'పనివాళ్ళను' తోటల్లో పని చేయడానికి తెచ్చింది అని. పనివాళ్ళంటే కూలి ఇస్తారు, మానేస్తే ఇంటికి పోవచ్చు. ఆ తల్లి దాన్ని నలుగురిలో పెట్టింది. ప్రచురణ సంస్థ మెక్‌గ్రా హిల్ తప్పు ఒప్పుకుని సరిదిద్దింది. అట్లాంటి మాట పెట్టమని ఏ చట్టమూ చెప్పలేదు, ఏ ప్రమాణమూ చెప్పలేదు. ఎవరికీ కోపం రాని భాష రాయాలని కూర్చుంటే కలం దానంతట అదే అటు పోతుంది. 2022లో రెండో తరగతి కోసం బానిస వ్యాపారాన్ని 'బలవంతపు తరలింపు' అందాం అని ఒక టీచర్ల బృందం సూచించింది, బోర్డు వెనక్కి పంపింది.

అంతవరకు ఆట బోర్డు ఇంట్లో. 2021లో శాసనసభ నేరుగా తరగతి గదిలోకి అడుగుపెట్టింది. ఇక్కడ చిక్కు ఎక్కువ, ఎందుకంటే వెంట వెంటనే రెండు చట్టాలు వచ్చాయి, వాటిని కలిపేసి మాట్లాడేవాళ్ళే ఎక్కువ.

మొదటిది హెచ్‌బీ 3979, అంటే దిగువ సభలో పుట్టిన బిల్లు. జూన్‌లో సంతకం, సెప్టెంబరు 1 నుంచి అమలు. రెండోది ఎస్‌బీ 3, సెనెట్‌లో పుట్టినది. గవర్నర్ పిలిచిన ప్రత్యేక సమావేశాల్లో పాసై డిసెంబరు 2 నుంచి మొదటిదాని స్థానంలోకి వచ్చింది. రెండింటి వెన్నెముక ఒకటే. ఒక జాతి పుట్టుకతోనే ఇంకోదానికన్నా గొప్పదని, పూర్వం తన జాతివాళ్ళు చేసినదానికి ఇప్పటి మనిషి బాధ్యుడని పిల్లలకు ఎక్కించకూడదు. బానిసత్వం, జాతి వివక్ష అన్నవి అమెరికా మూల సూత్రాల నుంచి తప్పిపోవడం, వాటికి ద్రోహం చేయడం తప్ప మరొకటి అని నేర్పకూడదు. అమెరికా చరిత్రను బానిసత్వం కేంద్రంగా చెప్పిన న్యూయార్క్ టైమ్స్ వ్యాసాల వరస '1619 ప్రాజెక్టు'ను తప్పనిసరి పాఠం చేయకూడదు. చట్టసభ సభ్యులను కలిసి ఒత్తిడి తెచ్చే పనులకు మార్కులివ్వకూడదు. వాదవివాదాల్లో ఉన్న వర్తమాన విషయం మీద మాట్లాడి తీరాలని టీచరును బలవంతపెట్టకూడదు. మాట్లాడదలిస్తే ఎలా మాట్లాడాలో కూడా చెప్పింది. ఈ చివరి అంశం దగ్గరే రెండు చట్టాలకూ తేడా ఉంది. మొదటిది, ఎవరి వైపూ మొగ్గకుండా భిన్నమైన, పరస్పర విరుద్ధమైన కోణాలన్నిటినీ చూపాలంది. రెండోది, రాజకీయ పక్షపాతం లేకుండా నిష్పాక్షికంగా చెప్పాలంది.

పైకి రెండూ ఒకటేలా వినిపిస్తాయి. ఆ తేడా ఏమిటో 2021 అక్టోబరులో డాలస్ దగ్గర సౌత్‌లేక్‌లో తేలింది. అక్కడ టీచర్లకు తరగతి గది పుస్తకాల మీద శిక్షణ జరుగుతోంది. 3979ని గుర్తుపెట్టుకోండి, మీ దగ్గర హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) మీద పుస్తకం ఉంటే దానికి ఎదురు కోణం చెప్పే పుస్తకం కూడా ఉండేలా చూసుకోండి అని ఒక అధికారి అన్నారు. హోలోకాస్ట్‌కు ఎదురు కోణమేమిటని ఓ టీచరు నిర్ఘాంతపోయి అడగడం కూడా రికార్డయింది. ఆ ఆడియో బయటికొచ్చాక ఆ స్కూల్ జిల్లా సూపరింటెండెంట్ క్షమాపణ చెప్పారు. చట్టం అలా చెప్పలేదని ఎస్‌బీ 3 తెచ్చిన సెనెటరే అన్నారు. ఆయన అన్నదీ నిజమే. చట్టం మాట్లాడింది వర్తమాన వివాదాల గురించి. యూదుల ఊచకోత జరిగిందా లేదా అన్నది వివాదం కాదు.

కానీ నాకు శిక్షణలో ఆ మాట అన్న అధికారిని చూస్తే కోపం కన్నా జాలే వస్తుంది. ఆ రికార్డింగులో వినపడేది ద్వేషం కాదు, టెన్షన్. ఏది వివాదం, ఏది కాదు అన్నది చట్టంలో లేదు. ఫిర్యాదు వస్తే తేల్చేది ఎవరో తెలియదు. అలాంటప్పుడు ఉద్యోగం చేసుకునే మనిషి చట్టం గీసిన గీతకు పది అడుగుల ఇవతలే ఆగిపోతాడు. ఈ తరహా చట్టాలు పనిచేసేది అలాగే. ఏ టీచరుకు శిక్ష పడిందని లెక్కలు తీస్తే పెద్దగా ఏమీ దొరకదు. చెప్పకుండా వదిలేసిన పాఠానికి లెక్క ఎక్కడా ఉండదు కదా.

ఇక రెండో గందరగోళం. ఎస్‌బీ 3 వచ్చినప్పుడు, మార్టిన్ లూథర్ కింగ్ పాఠం తీసేశారు, నల్లవాళ్ళ మీద దాడులు చేసిన తెల్లవాళ్ళ ముఠా కు క్లక్స్ క్లాన్ చెడ్డదని ఇక చెప్పక్కర్లేదట అని వాట్సాప్‌లో తిరిగింది. మా గ్రూపుల్లోనూ తిరిగింది. జరిగిందేమిటంటే, హెచ్‌బీ 3979 చర్చలో ప్రతిపక్ష సభ్యులు ఒక పొడుగాటి జాబితా చేర్పించారు: బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ రచనలు, కింగ్ ప్రసంగం, బర్మింగ్‌హామ్ జైలు నుంచి ఆయన రాసిన ఉత్తరం, వ్యవసాయ కూలీల నాయకుడు సీజర్ చావెజ్, శ్వేతజాతి ఆధిపత్య చరిత్ర, అది నైతికంగా ఎందుకు తప్పో. ఎస్‌బీ 3 ఆ జాబితాలో చాలా భాగం తీసేసింది. పేర్లు రాయడం శాసనసభ పని కాదు, బోర్డు పని అన్నది వాళ్ళ వాదన. చట్టంలోంచి పేరు పోయినంత మాత్రాన పాఠం పోలేదు. కింగ్ ప్రసంగం, ఆ ఉత్తరం టీక్స్‌లో అప్పటికే ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. అలాగని వార్త మొత్తం అబద్ధమూ కాదు. చట్టంలో ఉన్నదాన్ని శాసనసభ తప్ప ఎవరూ తీయలేరు. టీక్స్‌లో ఉన్నదాన్ని పదిహేను మందిలో ఎనిమిది మంది తీసేయగలరు. పైమెట్టు నుంచి కింది మెట్టుకు దించడం అంటే అదే. పేర్లు రాయడం మా పని కాదన్న సభ 2025లో ఎస్‌బీ 24 తెచ్చింది. నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా సోషల్‌లో కమ్యూనిజం గురించి, కమ్యూనిస్టు పాలనల్లో జరిగిన దారుణాల గురించి చెప్పాలని. 2026-27 విద్యా సంవత్సరం నుంచి.

ఇదంతా టెక్సాస్ పైత్యం అనుకోవడానికి లేదు. తాము తలచినది బడి చెప్పాలని అన్ని రాష్ట్రాలకూ ఉంటుంది, దిక్కు మారుతుందంతే. కాలిఫోర్నియా 2011లో స్వలింగ సంపర్కుల, వికలాంగుల పాత్రను చరిత్రలో చెప్పి తీరాలని చట్టం చేసింది. 2005-06లో అక్కడే ఆరో తరగతి పుస్తకాల్లో ప్రాచీన భారతం, హిందూ మతం, కులం ఎలా రాయాలన్న దాని మీద మనవాళ్ళ సంఘాలకూ చరిత్రకారులకూ పెద్ద తగవు నడిచి కోర్టుదాకా వెళ్ళింది. ఇల్లినాయ్ 2021లో ఆసియన్ అమెరికన్ చరిత్రను తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం అయింది. ఫ్లోరిడా 2023 ప్రమాణాల్లో, బానిసలు నేర్చుకున్న నైపుణ్యాలు కొన్ని సందర్భాల్లో వాళ్ళకే పనికొచ్చాయి అన్న వివరణ పెట్టి దేశమంతటా మాటలు పడింది.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు. బడి రేటింగు చూసుకుని ఇల్లు కొంటాం. మూడో తరగతి నుంచే మ్యాథ్స్ క్లాసులు. మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో ఈ విషయం కదిపితే మిత్రుడొకాయన అన్నాడు, "సోషల్‌దేముంది అన్నా, చదివితే వచ్చేస్తుంది." ఆయన తప్పేం లేదు, నేనూ ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న రోజే సోషల్‌కు దండం పెట్టినవాణ్ణి. కానీ మన పిల్లలు తామెవరో, తమ పక్కన కూర్చున్నవాళ్ళెవరో తెలుసుకునేది ఆ పీరియడ్‌లోనే. బోర్డు సభ్యుడి పేరు సరిసంఖ్య సంవత్సరాల నవంబరు బ్యాలెట్‌లో గవర్నర్‌కూ జడ్జీలకూ మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. ఓటు లేని వీసావాళ్ళకు కూడా ఒక దారి ఉంది. కొత్త ప్రమాణాల మీద బోర్డు బహిరంగ విచారణ పెట్టినప్పుడు పేరు నమోదు చేసుకుని రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు, రాతపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చు. ఆ మైకు ముందుకు వచ్చేవాళ్ళలో మొదటి నుంచీ ఆరితేరినవాళ్ళు చర్చి సంఘాలవాళ్ళు, ప్రొఫెసర్లు, రిటైరైన టీచర్లు. వెళ్ళేవాళ్ళు అడిగేటప్పుడు ఒక్కటి చూసుకుంటే మంచిది: మనం అడుగుతున్నది 'ఇంక్లూడింగ్' కిందా, 'సచ్ యాజ్' కిందా?

ఎందుకంటే ఆ వాక్యాలన్నీ 2025లో మళ్ళీ కొలిమిలోకి వెళ్ళాయి. 2022లో పూర్తిగా తిరగరాయాల్సిన టీక్స్‌ను అప్పటి గొడవల మధ్య బోర్డు 2025కు వాయిదా వేసింది. 2025 సెప్టెంబరులో కొత్త చట్రాన్ని ఆమోదించింది. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా చరిత్రను కాలక్రమంలో ఒకే దారంగా చెబుతారు, టెక్సాస్‌కూ అమెరికాకూ ఎక్కువ చోటు, మిగతా ప్రపంచానికి తక్కువ. 2030 నుంచి తరగతుల్లోకి తేవాలన్నది ఆలోచన. కాలక్రమం మంచిదే. నాలుగులో కొంచెం, ఏడులో కొంచెం టెక్సాస్ చరిత్ర ముక్కలుగా చదివిన మా అమ్మాయికి ఏది ముందో ఏది వెనకో ఇప్పటికీ తడబాటే. అయితే ఆ చట్రంలో ఆరో తరగతి 'ప్రపంచ సంస్కృతులు' అనే కోర్సు విడిగా లేదు.

క్రిస్మస్‌తో గొడవపడి దీపావళి చోటు సంపాదించుకున్న వాక్యం ఉన్నది ఆ కోర్సులోనే.